పోటీ పిస్టళ్లలో రికాయిల్ బఫర్

పిస్టల్ పేలినప్పుడు వెనక్కి దూసుకొచ్చే బోల్టుకీ, దాన్ని ఆపే ఫ్రేముకీ మధ్య ఉండి దెబ్బను మింగే చిన్న భాగాన్ని రికాయిల్ బఫర్ అంటారు. చాలా పిస్టళ్లలో ఇది రబ్బరుతోనో పాలియురెథేన్‌తోనో చేసిన చిన్న ముక్క. కొన్నింటిలో స్ప్రింగు, మరికొన్నింటిలో కదిలే బరువు. ఉక్కుకి ఉక్కు నేరుగా తగలకుండా చూసి తుపాకి చట్రాన్ని కాపాడటం దీని మొదటి పని. షూటర్ చేతికి అందే కుదుపును తగ్గించి, తరువాతి షాట్‌కి సైట్లు త్వరగా గురిమీదికి వచ్చేలా చేయడం రెండో పని. 25 మీటర్ల .22 పిస్టల్ పోటీల్లోనూ, ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) తరహా ప్రాక్టికల్ షూటింగ్‌లోనూ దీని వాడకం ఎక్కువ. బఫర్ పెడితే గురి కుదురుతుందన్న నమ్మకం షూటర్లలో గట్టిగా ఉంది. కానీ గొట్టం దాటి వెళ్లిపోయిన గుండును బఫర్ ఏమీ చేయలేదు. బోల్టును ఆపే బఫర్ ప్రయోజనం దాదాపు అంతా తరువాతి షాట్‌లోనూ, తుపాకి మన్నికలోనూ ఉంది.

వెనుకతన్ను లెక్క

ద్రవ్యవేగ నిత్యత్వ నియమానికి మన పాఠ్యపుస్తకాలు తరచుగా ఇచ్చే ఉదాహరణ తుపాకీయే. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతే, తుపాకి అంతే ద్రవ్యవేగంతో వెనక్కి తంతుంది. మందు కాలి పుట్టిన వాయువులు కూడా గుండుతో పాటు బయటికి పోతాయి కాబట్టి వాటి వాటా కొంత దీనికి కలుస్తుంది.

పోటీలకు వాడే .22 లాంగ్ రైఫిల్ తూటాలో గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. ధ్వని కన్నా తక్కువ వేగపు తూటాలనే షూటర్లు ఎంచుకుంటారు. వేగం సెకనుకి 320 మీటర్లనుకుంటే గుండు ద్రవ్యవేగం సుమారు 0.83 కిలోగ్రామ్-మీటర్/సెకను. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ అర గ్రాము బరువుతో సెకనుకి 150 మీటర్ల వేగంతో పోతుంది. దాని ద్రవ్యవేగం 0.08 దగ్గరే, అంటే .22లో పదో వంతు. ప్రాక్టికల్ షూటింగ్‌లో తూటా బలాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో కొలుస్తారు. గ్రెయిన్లలో గుండు బరువును సెకనుకి అడుగుల్లో వేగంతో గుణించి 1000తో భాగిస్తే అది వస్తుంది. ఐపీఎస్‌సీలో మైనర్ స్థాయికి కనీసం 125, ఓపెన్ డివిజన్‌లో మేజర్ స్థాయికి 160 ఉండాలి. ఈ రెండూ మెట్రిక్ లెక్కలో 2.5, 3.2 దగ్గర తేలతాయి. అంటే ఓపెన్ డివిజన్‌లో మేజర్ తూటాలు కాల్చే షూటర్ ప్రతి షాట్‌కీ .22 షూటర్ కన్నా దాదాపు నాలుగు రెట్లు వెనుకతన్నును భరిస్తాడు.

బఫర్ ఈ మొత్తాన్ని రవ్వంత కూడా తగ్గించదు. ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు, చివరికి చేతికి చేరాల్సిందే. మారేది అది చేరే తీరు. భౌతికశాస్త్రంలో బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేది ప్రచోదనం. కాలం పెరిగితే అదే ప్రచోదనానికి బలం తగ్గుతుంది. గోడ దూకినవాడు మోకాళ్లు వంచి నేలమీద దిగేది ఇందుకే.

ఒక లెక్క చూద్దాం. 200 గ్రాముల బోల్టు వెనక గోడను చేరేసరికి సెకనుకి 3 మీటర్ల వేగంతో ఉందనుకుందాం. దానిలో మిగిలిన గతిజశక్తి 0.9 జౌళ్లు. ఉక్కు మీద ఉక్కుగా తగిలి 0.3 మిల్లీమీటర్లలో ఆగితే సగటు బలం 3000 న్యూటన్లు. అదే బోల్టును బఫర్ 3 మిల్లీమీటర్ల దూరంలో మెల్లగా ఆపితే సగటు బలం 300 న్యూటన్లకు దిగుతుంది. అసలు పిస్టళ్లలో ఈ అంకెలు తూటాను బట్టి, స్ప్రింగును బట్టి మారతాయి కానీ సూత్రం మారదు. ఆగే దూరం పదింతలైతే దెబ్బ పదో వంతు అవుతుంది.

ఒక్క షాట్‌లో మూడు కుదుపులు

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఒక్క షాట్‌కి మూడు కుదుపులు పుడతాయి. గుండు గొట్టంలో పరుగెడుతుండగా తుపాకి వెనక్కి తోసుకు రావడం మొదటిది. ఖాళీ తొడుగును బయటికి విసిరి, బోల్టు తన దారి చివర ఫ్రేమును కొట్టడం రెండోది. స్ప్రింగు తోయగా బోల్టు ముందుకు వచ్చి కొత్త తూటాతో మూసుకోవడం మూడోది. దీంతో పిస్టల్ మూతి కొద్దిగా కిందికి వంగుతుంది.

గొట్టం చేతి పట్టు కన్నా పైన ఉంటుంది కాబట్టి మొదటి రెండు కుదుపులూ మూతిని పైకి లేపుతాయి. గుండు గొట్టంలో గడిపే కాలం ఒక మిల్లీసెకను అటూ ఇటూ మాత్రమే. బోల్టు వెనక గోడను చేరడానికి దానికి ఎన్నో రెట్లు సమయం పడుతుంది. బఫర్ పని మొదలయ్యే వేళకి గుండు గొట్టం దాటి లక్ష్యం వైపు సాగిపోతూ ఉంటుంది. అందుకే బఫర్ ఉన్నా లేకపోయినా, స్టాండు మీద బిగించి కాల్చిన .22 పిస్టల్ గుండ్లు లక్ష్యం మీద పడే గుంపు అంతగా మారదు. మారేది మనిషి చేతిలోనే. రెండో కుదుపు తగ్గితే మణికట్టు తక్కువ ఊగుతుంది, సైట్లు లేచిన చోటి నుంచి దాదాపు అదే దారిలో దిగుతాయి. కుదుపుకి భయపడి ట్రిగ్గర్ లాగేముందే చేయి బిగబట్టే అలవాటు కూడా నెమ్మదిస్తుంది. మొదటి షాట్‌కి బఫర్ ఏమైనా సాయం చేస్తే అది ఇలా చుట్టుతిరిగి చేసే సాయమే.

రకాలు

పాలిమర్ బఫర్: అన్నిటికన్నా సాధారణమైనది, చవకైనది. .22 పిస్టళ్లలో బోల్టు వెనక ఒదిగే ముక్కగా ఉంటుంది. 1911 అనే నమూనా తరహా పిస్టళ్లలో రికాయిల్ స్ప్రింగు గైడుకి తొడిగే పలుచని ఉంగరంలా ఉంటుంది. అమెరికా సంస్థ విల్సన్ కంబాట్ అమ్మే షాక్-బఫ్ ఈ కోవలో పేరున్నది. ఈ పదార్థాలు నొక్కుకుపోయినప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వవు, కొంత వేడిగా మార్చేస్తాయి. బఫర్‌కి కావాల్సిన గుణం అదే. మరీ ఎగిరిపడే రబ్బరు బోల్టును వేగంగా ముందుకు తిప్పికొడుతుంది. మ్యాగజైన్ స్ప్రింగు తరువాతి తూటాను పైకి లేపేలోపే బోల్టు దాటిపోతే తుపాకి ఇరుక్కుంటుంది.

స్ప్రింగు బఫర్: ప్రధాన స్ప్రింగుతో పాటు చివరి కొద్ది మిల్లీమీటర్లలో మాత్రమే పనిచేసే గట్టి రెండో స్ప్రింగు. హెక్లర్ అండ్ కోఖ్ సంస్థ 1993లో తెచ్చిన యూఎస్‌పీ పిస్టల్‌లో ఇలాంటి ఏర్పాటు ఫ్యాక్టరీ నుంచే ఉంది. గ్రీస్‌కు చెందిన డీపీఎం సంస్థ పలు స్ప్రింగులతో కూడిన గైడ్ రాడ్లను విడిగా అమ్ముతుంది. వేడికి, నూనెకి పాలిమర్ కన్నా ఇవి బాగా తట్టుకుంటాయి కానీ శక్తిని మింగేది తక్కువ, తిరిగి ఇచ్చేది ఎక్కువ.

కదిలే బరువు: ఎయిర్ పిస్టళ్లలో బోల్టు వెనక్కి రాదు కాబట్టి దాన్ని ఆపే బఫర్‌కి పని లేదు. అక్కడ షాట్ సమయంలో చిన్న బరువు వెనక్కి కదిలి తోపును తన మీదికి తీసుకుంటుంది. స్టేయర్ ఎల్‌పీ10లో దీన్ని స్టెబిలైజర్ అనీ, ఫైన్‌వెర్క్‌బావ్ పిస్టళ్లలో అబ్జార్బర్ అనీ పిలుస్తారు. బోల్టు బఫర్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. ఇది షాట్ పేలే క్షణం నుంచే పనిచేస్తుంది కాబట్టి ఆ షాట్ మీదే ప్రభావం చూపగలదు.

కాంపెన్సేటర్ బఫర్ కాదు. గొట్టం మూతి దగ్గర వాయువులను పైకి మళ్లించి మూతి లేవకుండా చూసే భాగం అది. ఐపీఎస్‌సీ ఓపెన్ డివిజన్ పిస్టళ్లలో రెండూ కలిసి కనిపిస్తాయి.

చరిత్ర

పోటీ పిస్టల్ చరిత్రలో చాలా భాగం వెనుకతన్నుతో తలపడిన చరిత్రే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పోటీకి సోవియట్ జట్టు ఎంటీఎస్-3 రికార్డ్ అనే వింత పిస్టల్‌తో వచ్చింది. తలకిందులుగా అమర్చిన ఆ పిస్టల్‌లో గొట్టం మామూలు కన్నా బాగా కిందికి దిగింది, దాంతో మూతి లేవడానికి ఆధారమే తగ్గింది. ఆ తరహా రూపకల్పనను తరువాతి నిబంధనలు పోటీల నుంచి తప్పించాయి. గొట్టాన్ని ఇష్టమొచ్చినట్టు దించే దారి మూసుకుపోయాక, తుపాకి లోపలి బోల్టు మీద, అది ఆగే తీరు మీద రూపకర్తల చూపు మరింతగా నిలిచింది.

ఎయిర్ పిస్టళ్లలో స్ప్రింగు పిస్టన్ యుగంలోనే అందమైన పరిష్కారాలు దొరికాయి. 1965లో వచ్చిన ఫైన్‌వెర్క్‌బావ్ 65లో ట్రిగ్గర్ నొక్కగానే గొట్టంతో సహా పైభాగమంతా పట్టాల మీద వెనక్కి జారుతుంది. చేతిలో ఉన్న పిడి మాత్రం దాదాపు కదలదు. డయానా సంస్థ గిస్ పద్ధతిలో రెండు పిస్టన్లను ఎదురెదురు దిశల్లో పరుగెత్తించి ఒకదాని తోపును మరొకదానితో రద్దు చేసింది. తరువాత సంపీడన వాయువుతో పనిచేసే పిస్టళ్లు వచ్చి ఆ బరువైన యంత్రాంగాల అవసరాన్ని తీసేశాయి.

.22 పిస్టళ్లలో పెద్ద మలుపు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తరువాత వచ్చింది. అంతవరకు పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో .22 షార్ట్ అనే బలహీనమైన తూటాను, చాలా తేలికైన ట్రిగ్గర్‌ను వాడేవారు. 2005 నుంచి .22 లాంగ్ రైఫిల్ తూటా, కనీసం 1000 గ్రాముల ట్రిగ్గర్ తప్పనిసరి అయ్యాయి. అదే నాలుగు సెకన్లు, అవే ఐదు లక్ష్యాలు, కానీ చేతికి తగిలే తన్ను పెరిగింది. ఆ తరువాత రూపొందిన పిస్టళ్లలో బఫర్లకూ, కదిలే బరువులకూ ప్రాధాన్యం రావడానికి ఈ మార్పు బలమైన కారణం. ఇటలీ సంస్థ పార్దీనీ ఎస్‌పీ పిస్టల్‌లో మార్చుకునే బఫర్లున్నాయి. ఈ మార్పుకి ముందే వచ్చిన ఫైన్‌వెర్క్‌బావ్ ఏడబ్ల్యూ93 రష్యా రూపకర్త యెఫిమ్ ఖైదురోవ్ పని ఆధారంగా పుట్టింది. మెత్తని వెనుకతన్నుకి అది షూటర్లలో మంచి పేరు తెచ్చుకుంది.

పోటీల్లో బఫర్ ఎక్కడ తేడా చూపుతుంది

ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) పిస్టల్ పోటీలన్నీ ఒంటిచేత్తోనే. మణికట్టుకి ఏ ఆధారమూ ఉండకూడదు. 25 మీటర్ల పోటీ పిస్టల్ బరువు 1400 గ్రాములు మించకూడదు. 300, 150, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో అది పట్టాలి. బరువు పెంచి తన్నును అణచే దారికి ఈ హద్దులు అడ్డు. లోపలి బఫర్ ఈ హద్దుల్లోనే ఒదుగుతుంది.

మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో 30 షాట్లు ప్రెసిషన్, 30 షాట్లు ర్యాపిడ్. ర్యాపిడ్ దశలో లక్ష్యం మూడు సెకన్లు కనిపించి ఏడు సెకన్లు మాయమవుతుంది. ఒక్కో దర్శనానికి ఒక్క షాటే కాబట్టి చేతిని దించి మళ్లీ లేపే వ్యవధి ఉంది. ఇక్కడ బఫర్ ప్రయోజనం ప్రధానంగా అలసట తగ్గించడం, పట్టు చెదరకుండా చూడటం. పురుషుల ర్యాపిడ్ ఫైర్ కథ వేరు. 75 సెంటీమీటర్ల ఎడంతో వరసగా ఉన్న ఐదు లక్ష్యాల మీద ఎనిమిది, ఆరు, నాలుగు సెకన్లలో ఐదేసి షాట్లు కొట్టాలి. నాలుగు సెకన్ల సిరీస్‌లో చేయి 45 డిగ్రీల కింది నుంచి లేచి మొదటి షాట్ పేలేసరికే సెకనుకి పైగా గడిచిపోతుంది. మిగిలిన నాలుగు షాట్లకీ ఒక్కోదానికి దొరికేది అర సెకను పైచిలుకు. ఆ వ్యవధిలోనే చేయి పక్క లక్ష్యానికి జరగాలి, సైటు మళ్లీ కుదరాలి, ట్రిగ్గర్ పడాలి. ప్రతి షాట్‌కీ సైటు ఒకే ఎత్తుకి లేచి ఒకే తీరుగా దిగితే చేతికి లయ దొరుకుతుంది. బఫర్ విలువ పూర్తిగా తెలిసే చోటు ఇదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే విజయ్ కుమార్ భారత్‌కు రజతం తెచ్చాడు.

తెలుగు నేల మీద

తెలుగు రాష్ట్రాల్లో పోటీ షూటింగ్‌కి హైదరాబాద్‌లోని గచ్చిబౌలి కేంద్రం. 2002 డిసెంబరులో హైదరాబాద్ జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చాక నగరంలో షూటింగ్‌కి ఊపు వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక పిల్లల్ని రేంజికి తీసుకొచ్చే తల్లిదండ్రులు పెరిగారు.

పిస్టల్‌లో ఈ నేల పేరును ఆసియా స్థాయికి తీసుకెళ్లింది ఈషా సింగ్. 2005 జనవరి 1న పుట్టిన ఈషా 2018 జాతీయ షూటింగ్ చాంపియన్‌షిప్‌లో 13 ఏళ్ల వయసుకే సీనియర్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించింది. 25 మీటర్ల పిస్టల్‌లో మనూ భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వ్యక్తిగత, జట్టు రజతాలు. అర్జున పురస్కారం అందుకుని, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ బరిలో నిలిచింది. 10 మీటర్ల, 25 మీటర్ల పోటీల మధ్య తిరిగే షూటర్ చేయి 0.08 ద్రవ్యవేగపు పిస్టల్ నుంచి దానికి పదింతల పిస్టల్‌కి అలవాటు మార్చుకుంటుంది. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టే మన పిల్లలు 25 మీటర్లకు వెళ్లేటప్పుడు మొదట ఎదుర్కొనేది ఈ తేడానే. .22 పిస్టల్‌కి ఆయుధ లైసెన్సు కావాలి, పోటీ పిస్టళ్లు విదేశాల నుంచి రావాలి, విడిభాగాలూ అంతే. అందుకే రేంజిలో ఒక్కో పిస్టల్ చాలామంది చేతులు మారుతుంది, దాని బఫర్ అందరి షాట్లూ మోస్తుంది.

వేడి, తేమ, ధూళి

బఫర్ ప్రవర్తన వాతావరణంతో మారుతుంది. ఉదాహరణకు సౌదీ అరేబియా ఖసీం ప్రాంతంలోని ఉనైజాలో వేసవి మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం మామూలు, ఎడారి ధూళి తోడు. అలాంటి చోట ఎండలో నిలిపిన కారులో ఉంచిన పిస్టల్‌లోని పాలిమర్ మెత్తబడుతుంది. మెత్తబడిన బఫర్ ఎక్కువ నొక్కుకుని, చివరికి అణిగిపోయి, బోల్టును దాదాపు నేరుగా ఫ్రేముకి తగలనిస్తుంది. సన్నని ఇసుక నూనెతో కలిసి బోల్టు దారిలో పేస్టులా పట్టుకుంటే బోల్టు వేగమే పడిపోతుంది. అప్పుడు లోపం బఫర్‌దని అపోహ పడతారు. మే నెలలో రామగుండం, కొత్తగూడెం ఎండల్లో తిరిగే పిస్టల్‌కీ ఇదే పరిస్థితి.

విశాఖ, కాకినాడ లాంటి తీరంలో శత్రువు తేమ. పాలియెస్టర్ ఆధారిత పాలియురెథేన్ వేడి తేమలో నీటితో చర్య జరిపి ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పొడిపొడి అవుతుంది. పాలియీథర్ రకం దీన్ని బాగా తట్టుకుంటుంది. సహజ రబ్బరుకి ఖనిజ నూనె పడదు, ఉబ్బిపోతుంది. నైట్రైల్ రబ్బరు నూనెకి ఓర్చుకుంటుంది. కాబట్టి బఫర్ ఏ పదార్థంతో చేసిందో తెలుసుకుని కొనడం, తుపాకి నూనెను బఫర్ మీద ధారగా పోయకపోవడం మంచి అలవాట్లు.

నిర్వహణ

బఫర్ అరిగిపోయే భాగం, తీసి మార్చడానికే తయారైంది. ఖాళీ చేసి, ఛాంబరు కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న పిస్టల్‌ను విప్పినప్పుడు బఫర్‌ను వెలుతురులో పట్టుకుని చూడాలి. కొత్త బఫర్ ముఖం నున్నగా, అంచులు పదునుగా ఉంటాయి. కొన్ని వందల షాట్ల తరువాత బోల్టు తగిలే చోట నిగనిగలాడే గుంట పడుతుంది. అది సహజమే. ఆ గుంట అంచు నుంచి వెంట్రుకంత బీట మొదలైతే మార్చే వేళయిందని అర్థం. వేలిగోటితో నొక్కితే ముక్క రాలేలా ఉంటే ఆలస్యమైపోయినట్టే. రాలిన ముక్క బోల్టు దారిలో పడితే తూటా పూర్తిగా లోపలికి వెళ్లదు, లేదా హ్యామర్ సరిగ్గా ఆగదు. పోటీ మధ్యలో తుపాకి మొరాయిస్తే నిబంధనల మేరకు పరిమితంగా మళ్లీ కాల్చే అవకాశం ఉంటుంది కానీ చెదిరిన ఏకాగ్రతను ఏ నిబంధనా తిరిగి ఇవ్వదు.

పెద్ద పోటీకి ముందు రోజు కొత్త బఫర్ వేయడం మంచిది కాదు. కొత్త ముక్క కొద్దిగా మందంగా ఉండి బోల్టు ప్రయాణాన్ని తగ్గిస్తుంది. సాధనలో యాభయ్యో వందో షాట్లు కాల్చి, తొడుగులు ఒకే దూరంలో పడుతున్నాయో లేదో చూసుకున్నాకే పోటీకి తీసుకెళ్లాలి. షాట్ల లెక్క పుస్తకంలో బఫర్ మార్చిన తేదీ రాసుకునే షూటర్‌కి ఈ చిక్కులు అరుదు.

వాదోపవాదాలు

1911 పిస్టళ్లలో షాక్-బఫ్ మీద ప్రాక్టికల్ షూటర్ల మధ్య వాదన పాతది. సమర్థించేవారు ఫ్రేము బీటలు వారకుండా అది కాపాడుతుందంటారు. వ్యతిరేకించేవారు రెండు అభ్యంతరాలు చెబుతారు. దాని మందం మేరకు స్లయిడు (ఈ పిస్టళ్లలో బోల్టు పని చేసే పైభాగం) ప్రయాణం తగ్గుతుంది. దాంతో స్లయిడు లాక్ మీద ఉన్నప్పుడు వెనక్కి లాగి వదిలి మూయడం కొన్ని పిస్టళ్లలో కుదరదు. ముక్కలు రాలితే తుపాకి ఆగుతుంది. ఆత్మరక్షణకు వాడే తుపాకిలో దీన్ని పెట్టవద్దని చాలామంది గన్‌స్మిత్‌లు చెప్పడానికి కారణం ఇదే. వేల షాట్లు సాధన చేసే పోటీ తుపాకిలో, క్రమం తప్పకుండా మార్చగలిగితే, లాభమే ఎక్కువ.

రెండో వాదన స్ప్రింగు గురించి. గట్టి రికాయిల్ స్ప్రింగు వేస్తే బఫర్ అవసరమే ఉండదని కొందరంటారు. గట్టి స్ప్రింగు వెనక దెబ్బను తగ్గిస్తుంది, నిజమే. కానీ అదే శక్తితో బోల్టును ముందుకు విసిరి మూడో కుదుపును పెంచుతుంది, మూతి ఎక్కువగా కిందికి వంగుతుంది. బలహీనమైన తూటాకి బోల్టు పూర్తిగా వెనక్కి రాకపోనూవచ్చు. బఫర్ ఉన్నప్పుడు స్ప్రింగును తూటాకి తగినంత మెత్తగానే ఉంచవచ్చు. ముందు కుదుపును పెంచకుండా వెనక దెబ్బను తగ్గించగలగడమే బఫర్ ప్రత్యేకత.

మూడోది, కొనుగోలు గురించి. ఫ్యాక్టరీ బఫర్ తీసి రంగురంగుల ప్రత్యామ్నాయాలు వేస్తే స్కోరు పెరుగుతుందన్న ఆశ యువ షూటర్లలో ఎక్కువ. పిస్టల్ రూపకర్త బోల్టు బరువు, స్ప్రింగు, బఫర్ గట్టిదనం మూడింటినీ ఒకదానికొకటి సరిపోయేలా లెక్కకట్టి పెడతాడు. ఒకటి మారిస్తే మిగిలిన రెండింటి లెక్కా మారుతుంది. చేతికి అచ్చంగా అమరిన గ్రిప్పు, ప్రతిసారీ ఒకే ఒత్తిడితో పట్టే పట్టు, తొందరపడని ట్రిగ్గర్ వేలు కుదిరిన తరువాతే బఫర్ తేడా స్కోరులో కనబడుతుంది. అంతవరకు షూటర్ చేయాల్సింది ఒక్కటే. ఫ్యాక్టరీ ఇచ్చిన బఫర్‌నే శుభ్రంగా ఉంచుకుని, బీట కనబడగానే అదే రకం కొత్తది వేసుకుని, ఆదా చేసిన డబ్బును తూటాలకు ఖర్చుపెట్టాలి.